ఏలిముద్ర

కొత్త ఫోను. పదకొండు కిస్తీల్లో మూడు కట్టేసినాను.
ఇంకా నన్ను పోల్సుకోనేదది.

జీడిసొన తాగిన ఏళ్లు నావి.
పలాస బట్టీ కాడ తోలూడి, మళ్లీ తోలొచ్చి
గీతలన్నీ సెరిగిపోనాయి.
బొటనేలు పెడితే
"మళ్లీ ప్రయత్నించండి" అంటాది, మరియాదగానే.

కాశీబుగ్గ కొట్లో ఢిల్లేసు సెప్పినాడు:
"అప్‌డేటొస్తాది పిన్నీ, అప్పుడు పడతాది."
సుక్కురారమన్నాడు.
ఆ సుక్కురారం పోనాది. దాని ఎనక నాలుగు పోనాయి.
వానొచ్చి కరెంటు తీసుకుపోనాది,
పిక్కల రేటు పడి లేసింది.

నిన్న రేత్రి దిగింది.
చార్జింగెట్టి మంచంకోడుకి ఆనుకుని కూకున్నాను.
నలభై రెండు కాడ శానాసేపు కదల్నేదు,
పురిటిగది బయట కూకున్నట్టే ఉంది.
"ఆపకండి" అని రాసుంది.
నానెందుకాపుతాను?

తెల్లారగట్ల కన్ను తెరిసింది.
గడియారం అంకెలు లావైనాయి, రంగులు మారినాయి.
బొటనేలు కొంగుకి తుడిసి పెట్టినాను.

మళ్లీ ప్రయత్నించండి.

బట్టీకి యేళైపోతంది.
ఇసుగొచ్చి కొత్తగా రాయించుకోమన్నాను,
ఎడంసేతి సిటికెనేలు పెట్టి.
పిక్కంటనిది అదొక్కటే మరి.
గమ్మున తీసుకుంది!

ఇరవయ్యేళ్లు కూడెట్టిన బొటనేలు
పక్కనే నల్లగా ముడుసుకునుంది.

ఢిల్లేసుకి సెప్పను.
అప్‌డేటు వల్లే అనుకోనీ.