తలుపు వెనక పలక

నాన్న జీవితచరిత్రకి సాపు ప్రతి రాస్తున్నాను.
రెండు వందల పద్నాలుగు కాగితాలు,
సగం జీతం చీటీల వెనక,
సగం టీ పొట్లాలు విప్పి చదును చేసినవి.
దగ్గు వచ్చినచోట అక్షరం వంకర తిరుగుతుంది.
అక్షరం సరిదిద్దుతాను.
దగ్గుని ఎలా రాయాలో తెలీదు.

వేల్స్ కొండ కడుపు కోసి
నలభై ఏళ్ళు పలకలు చీల్చాడు ఇథెల్ ప్రొబర్ట్, మా నాన్న.
లివర్‌పూల్ ఇళ్ళ కప్పులకి కొన్ని,
ఎవరెవరి పిల్లలో దిద్దుకోడానికి కొన్ని.
తను దిద్దింది మాత్రం ఆదివారం బడిలో,
పద్దెనిమిదేళ్ళ మీసంతో.

మూడో అధ్యాయంలో ఉంది:
బూట్లకని దాచిన డబ్బుతో
భూగోళశాస్త్రం రెండో సంపుటం కొన్నాడట.
మొదటిది ఎప్పటికీ దొరకలేదు.
అందుకే మా ఇంట్లో ప్రపంచం
ఆఫ్రికా మధ్యనుంచి మొదలయ్యేది.
ఆ చలికాలం పాత బూట్లకి గోనెగుడ్డ అతుకేసుకుని
పనికి వెళ్ళానని రాశాడు.
అతుకు ఎవరు వేశారో రాయలేదు.

మధ్యాహ్నం రొట్టెల వేళ క్వారీ గుడిసెలో
ఒకడు చదివితే అరవైమంది వినేవారట.
వాదనలు, పద్యాలు, సమ్మె తీర్మానాలు
అన్నీ పేర్లతో సహా గుర్తు.
టీ కెటిల్ మూత ఎవరు పారేశారో కూడా.

పన్నెండో అధ్యాయం. అమ్మ మీద ఒకే వాక్యం:
"ఆ ఏడు లౌరీని పెళ్ళి చేసుకున్నాను; వానలు ఎక్కువ."
నా కలం అక్కడ ఆగింది.

అమ్మకి రాయడం రాదనే అందరూ అంటారు.
వంటింటి తలుపు వెనక ఓ పలక ముక్క,
నాన్న తెచ్చిందే, అమ్మకానికి పనికిరానిది.
పిండికో గీత, సబ్బుకో గీత, కొవ్వొత్తికో గీత,
ఐదోది అడ్డంగా.
శుక్రవారం కొట్టు బాకీ తీరాక
బొటనవేలు తడిచేసి తుడిచేసేది.
తీరని శుక్రవారాల్లో
పలక ముందు పలక్కుండా నిలబడేది.
సమ్మె జరిగిన ఏడాదంతా ఆ పలక తెల్లగానే ఉంది.

ఆ వాక్యం కింద అర పేజీ ఖాళీ వదిలాను,
ఏదో రాద్దామని.
మూడు రోజులైనా ఏమీ తోచలేదు.
నాలుగో పొద్దున చూస్తే,
తలుపు వెనక చోటు చాల్లేదో ఏమో,
ఆ ఖాళీలో నా సిరాతోనే
నాలుగు గీతలు, ఓ అడ్డగీత,
పక్కన ఇంకో రెండు.

నాన్న చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు.
తనకి తెలీకుండానే, అచ్చం అమ్మలాగే,
బొటనవేలు నాలుకకి తాకించి రుద్దాడు.
సిరా కాస్త అలుక్కుంది. చెరగలేదు.

"ఇదేం లెక్క?" అన్నాడు.

పొయ్యి దగ్గరనుంచి, వెనక్కి తిరక్కుండా, అమ్మ:
"ఏడు కొవ్వొత్తులు.
నీ పుస్తకానివే."