తల మీంచి కాకుండా

గుంతకల్లు రైల్వే కాలనీలో
మా క్వార్టరు గోడకు అవతల డోరీన్ ఆంటీ ఉండేది.
నాకు ఆమె ఇంగ్లీషు రాదు.
ఆమెకొచ్చిన తెలుగంతా నాలుగు మాటలు:
లోపలికి, చుట్టు, లాగు, వదులు.
ఆ నాలుగు మాటలతోనే
ఒక చలికాలమంతా ఈ స్వెటర్ అల్లినాను.

మా ఆయన గూడ్సు గార్డు.
వెనక పెట్టెలో ఒక్కడే.
డోను దాటినాక గాలి చెవులు కోస్తుందని చెప్పేవాడు.
బండి ఎప్పుడొస్తుందో రైల్వేకే తెలియదు.
మద్దికెర అవుటర్లో నిలబెట్టేస్తే
నాకు ఆరు వరసలు ఎక్కువయ్యేవి.
నల్లమలలో రాళ్ళు పట్టాల మీద పడిన రాత్రి
ఎడమ చెయ్యి మొత్తం అయిపోయింది.
చంక కింద ఒకచోట అల్లిక బిగిసి ఉంటుంది,
అది ఆ రాత్రిదే.

బూడిద రంగు. ముందర గుండీలు లేవు,
తల మీంచి దూర్చుకునేది.
ఇరవై రెండేళ్ళు దూర్చుకున్నాడు.

పోయిన ఎండాకాలం కుడిపక్క పడిపోయింది.
చెయ్యి రొమ్ము దాకా లేస్తుంది, అక్కడ ఆగుతుంది,
పాత సిగ్నల్ రెక్క సగంలో ఇరుక్కున్నట్టు.
కార్తీకంలో స్వెటర్ అడిగినాడు.
తల దూర్చినాను. ఒక చెయ్యి దూరింది.
రెండోది లోపలే ముడుచుకుంది.
ఆ ఊలు చీకట్లోంచి
"ఇంగ చాల్లే, తీసెయ్" అన్నాడు.
మొహం కనపడలేదు. అదే మేలైంది.

దూదేకుల మస్తాన్ దగ్గరికి పట్టకపోయినాను.
రాయదుర్గంలో జీన్సు గుడ్డ
అరవై మడతలు ఒక్కసారే కోసినోడు.
"నడిమధ్యన కోసి గుండీలు పెడితే అయిపాయ గదప్పా"
అన్నాను, వంకాయ గురించి చెప్పినట్టు.
బల్ల మీద పరిచి చానాసేపు చూసినాడు.
"గుడ్డ కోస్తే రెండు గుడ్డలవుతాయక్కా.
ఇది కోస్తే దారమైపోతుంది."

అయినా మిషను మీద రెండు వరసలు కుట్టిచ్చినాడు,
నడుమ వేలెడు సందు వదిలి, పట్టాల మాదిరి.
కత్తెర నా చేతిలో పెట్టినాడు.
"అల్లినోళ్ళే కోయల్ల."

మొదటి రోజు అమావాస్య అన్నాను.
రెండో రోజు కరెంటు లేదన్నాను.
మూడో రోజు ఏమీ లేదు, ఊరికే.
నాలుగో రోజు మా ఆయనే మంచం మీద నుంచి
ఎడమ చేత్తో నా పచ్చ జాకెట్టు ముక్క ఒకటి పైకెత్తి
"బండి కదలొచ్చు" అని ఊపినాడు.

కింది అంచు. మొదటి పోగు.
ఊలు తెగితే చప్పుడుండదు,
మేక ఆకు నమిలినంత కూడా.
ఒక కన్ను తెగింది.
పక్క కన్ను జారుతుంది, దాని పక్కది,
చంక కింది రాత్రి దాకా అన్నీ జారిపోతాయని
ఊపిరి బిగబట్టి చూస్తి.
జారలేదు.

ఇరవై రెండేళ్ళ చెమట, డీజిలు మసి, సబ్బు నురగ,
పోగు పోగును కరుచుకుని ఉండాది.
నేను వాటిని పక్కపక్కన నిలబెట్టినా, అంతే.
అల్లుకునేది అవే అల్లుకున్నాయి, తరవాత, నెమ్మదిగా.

రొమ్ము కాడ ఒక తప్పు.
వదిలేసి, రెండు వరసల తరవాత చూసుకుని,
ఎత్తుకుని కలిపేసిన కన్ను.
డోరీన్ ఆంటీ కూడా కనిపెట్టలేదు.
కత్తెర సరిగ్గా దాని మీదుగా పోయింది.
ఒక్క నిమిషం ఆగినాను. మంచి తప్పది.

మెడ కాడ చివరి పోగు మొండిది,
రెండుసార్లు కోయాల్సొచ్చింది.
అప్పుడు రెండు పక్కలూ విడిపోయి
నా ఒళ్ళో వాలినాయి.
ఈ పనికి ఆ నాలుగు మాటల్లో మాట లేదు.

పడిపోయిన చేతికి ముందు తొడిగినాను.
వీపు చుట్టూ తిప్పి, మంచి చేతికి.
ఈసారి మొహం చీకట్లోకి పోలేదు.
తొడిగినంతసేపూ నన్నే చూస్తాండాడు.

గుండీలు ఏ రంగువి తేవల్ల అంటే
ఎర్రవి అంటాడు.
బూడిద మీద ఎర్రవేంది అంటే,
గార్డు పెట్టె వెనక దీపం ఎర్రదే గదా అంటాడు.
ఇది ముందరపక్క సామీ అంటే
వినడు.