సోమవారం సెలవు

ఎక్కండి సారూ, ఎడమవైపు కూర్చోండి,
కుడివైపు సీట్లో స్ప్రింగు లేచింది.
ముందే చెబుతున్నా, ఇవాళ సోమవారం.
కోళిక్కోడులో సోమవారం చరిత్రకి సెలవు.

అయినా సముద్రానికి తలుపుల్లేవు కదా, పదండి.

ఇది వలియంగాడి.
ఇక్కడ మిరియాలకి బంగారం తూచి ఇచ్చారంటారు,
నాకు తెలిసింది ఉల్లిపాయల ధర.
గోనెబస్తా వీపు మీదికి ఎక్కేటప్పుడు
మనిషి లోపల్నించి ఒక చప్పుడొస్తుంది,
అప్పుడూ ఇప్పుడూ అదొక్కటీ మారి ఉండదు.
కెమెరాలో పడదు.
ఇంజను ఆపుతాను, వినండి.

విన్నారా?

అదిగో కుట్టిచ్చిర. కొలను పక్కన నీలం రంగు మసీదు.
మినార్ల కోసం వెతక్కండి, లేవు.
అంతస్తు మీద అంతస్తు, ఎటు చూసినా కర్ర,
కప్పు చూస్తే ఓడని బోర్లించినట్టుంటుంది.
ఓడల షావుకారు కట్టించాడు మరి, ఇంకెలా కడతాడు?
వేరే ఓడల వాళ్ళొచ్చి తగలబెట్టారు.
అయిదొందల ఏళ్ళ మాట.
పైన కాలిన దూలం ఇంకా ఉందని మా మామ చూపిస్తే
చిన్నప్పుడు దాన్ని వేలితో రుద్ది
వేలు చూసుకున్నాను. నలుపు అంటలేదు.
అంటుతుందని ఎందుకనుకున్నానో.

ఒక్క నిమిషం. ఈ సందులోనే మా అక్క బిచ్చాత్తు ఇల్లు,
ఈ మత్తిచేపల పొట్లం ఇచ్చేసి వస్తా.

ఇదీ చూడాల్సిందే లెండి.
మాలో కూతుళ్ళు పుట్టిన గడప దాటరు,
అల్లుళ్ళే చీకటిపడ్డాక వచ్చి తెల్లారగానే పోతారు.
ఎన్నేళ్ళయినా అల్లుడి పేరు కొత్త పెళ్ళికొడుకే.
మా బావ నలభై ఏళ్ళుగా కొత్త పెళ్ళికొడుకు,
పళ్ళూడిన కొత్త పెళ్ళికొడుకు.
ఇరవయ్యారు గదులు, వంటిల్లు ఒక్కటి,
గొడవలన్నీ అక్కడే.
అక్క సులైమాని పంపింది, తాగండి.
నిమ్మకాయ గట్టిగా పిండిందంటే నా మీద కోపం.

బేపూరు దూరం. అక్కడికైతే మీటరు మీద వంద.
కాగితం మీద గీత గియ్యకుండా ఓడ కడతారక్కడ,
కొలతలన్నీ మేస్త్రీ కంట్లో.
కట్టడం ఏముంది సారూ,
అంత బరువుని నీళ్ళలోకి దించడం ఉంది చూశారూ!
తాడూ, గిలకా, దుంగలూ, పాటా.
పాటలో ఒకడు ఊపిరి తప్పితే
ఇంకొకడి కాలు పోతుంది.
మా నాన్న సెయ్తాలికి అలాగే పోయింది, ఎడమది.
ఎవరు తప్పారో ఆయనకి తెలుసు.
చివరిదాకా వాడింటికి పండక్కి బిర్యానీ పంపాడు.

ఇదే రేవు మ్యూజియం. తాళం చూశారుగా.

లోపల రెండో గదిలో, లంగరు పక్కన
గోడకి ఒక ఫోటో ఉంది.
ఇరవై మంది తాడు లాగుతుంటారు.
ఎడమ నుంచి మూడో మనిషి,
సగం మొహం ముందువాడి భుజం మింగేసింది.
కింద రాశారు: ఖలాసీలు, బేపూరు.
పేర్లు లేవు.
ఆ మూడో మనిషికి రెండు కాళ్ళూ ఉన్నాయి.
నాకు ఊహ తెలిసేసరికి ఒకటే.

టికెట్టు ముప్ఫై రూపాయలు. డబ్బు లేక కాదు.
డబ్బు కట్టి నాన్నని చూడ్డం, అదేదోలా ఉంటుంది.
మీలాంటి వాళ్ళతో వస్తే
గైడు కింద లెక్కేసి వదిలేస్తాడు వేలుక్కుట్టి.
లంగరు బరువెంతో, ఏ దేశానిదో
మీకు గడగడా చెబుతూ
నేను ఆ కాళ్ళే చూస్తుంటాను.
అక్కకి కూడా చెప్పలేదు ఈ సంగతి.

సరే, బీచికి పోదాం.
అవి పాత కడలి వంతెన స్తంభాలు,
ఇప్పుడు నీటికాకుల సొత్తు.
ఎనిమిదో దాని మీంచి దూకేవాణ్ణి.
లెక్కపెట్టండి కావాలంటే,
ఏడు తర్వాత తొమ్మిదే.

హల్వా కొంటే నల్లది కొనండి,
ఎర్రది ఫోటోలకి.

మీటరు నూట ఎనభై. బేపూరు వెళ్ళలేదు,
ఆ వంద తీసేయండి.

రేపు పదింటికి తెరుస్తారు.
మీ రైలు ఎన్నింటికన్నారు?