ఒంటి విత్తు

హఫర్ అల్ బాతిన్‌ల జనవరి పొద్దు.
ఇసుక మీద మంచు, ఉప్పు చల్లినట్టు.
ముందుగాల చేతులు చంకల పెట్టి కాపుకుంట.
సల్లటి చెయ్యి తాకితే
విత్తులు పైకి గుంజుకుంటయి,
ఉండి కూడ లేవంటయి.
ఇది మా చిన్నవ్వ చెప్పిన మాట:
ఎనక నుంచి పట్టు, ఎచ్చగ పట్టు,
నీ తొందర గొర్రెకు తెల్వనియ్యకు.

నాలుగు నెలల నయీమీ పిల్లలు, మగయి ముప్పై ఏడు.
తోక కొవ్వు మూటను మోచేత్తో ఎత్తి
ఒక్కొక్కదాన్ని తడిమి
వీపు మీద నీలి గీత గీసి ఇడుస్తున్న.
రెండు. రెండు. రెండు.
పావురం గుడ్లకన్న పెద్దగ, బిర్రుగ,
వేళ్ల నడుమ జారుతయి.

ఇరవై రెండోదాని కాడ చెయ్యి ఆగింది.
అది షాహీన్.
నలభై వేల రియాళ్ల పొట్టేలు కొడుకు.
పుట్టిన రాత్రి అబూ మిషారి
దాన్ని తన కోటుల చుట్టి
జీపుల కూసోబెట్టుకున్నడు, హీటర్ ముంగట.
ఎడమ దిక్కు ఉంది.
కుడి దిక్కు సంచి
ఇంటికి పైసలు పంపిన మర్నాటి జేబు.
మల్ల చేతులు కాపుకున్న. మల్ల చూసిన.
గజ్జల దాక వేళ్లు పోనిచ్చిన.

రెండు వేళ్లు చూపి ఒకటి మడిచిన.
"వాహద్ ఫీ, బాబా. వాహద్ మాఫీ."
పదకొండేండ్ల నా అరబ్బీ
ఇంత సక్కగ ఎన్నడూ అక్కరకు రాలె.

సూడాన్ డాక్టరు ముద్దస్సిర్
ఇసుకల పుల్లతోని బొమ్మ గీసిండు.
తల్లి కడుపుల ఉన్నప్పుడే విత్తు
మూత్రపిండం పక్కన మొలుస్తదట,
పుట్టకముందే గజ్జ దాటి సంచిలకు దిగాలెనట.
ఇది నడిమిట్ల నిలబడ్డది.
లోపటి ఉడుకుకు ఎదగదు, గింజ పట్టదు.
సల్లగ ఉండాలనే కద
పైనున్నోడు దాన్ని బయట ఏలాడేసింది, అన్నడు,
ఎండకాలం యాభై డిగ్రీలు కాగే దేశంల.
"కొమ్ములొస్తయి. వాసనొస్తది. కొట్లాడుతది.
ఆ ఒక్కదానితోనే మందను కడుతది కూడ.
అదే భయం.
కొడుకులకిస్తది. బిడ్డల కడుపులల్ల దాసి
మనుమలకూ ఇస్తది."
విత్తనానికి వద్దు, కోతకు పెంచుకో అని
మందుల పెట్టె మూసిండు.

కాలు ఇరిగితే కట్టు కడుత.
కన్ను పోతే ముందు పెట్టుకొని నడిపిస్త.
దీనికి ఏం చెయ్యాలె?
నొప్పి లేదు, కుంటు లేదు.
నీళ్ల తొట్టి మీదికి దుమికి
నీలి గీతలోళ్లందరిని కుమ్మి పడేస్తున్నది.

రాత్రి రేకుల గదిల నిద్ర పట్టలె.
హైదరాబాద్ మెడికల్ యాదికొచ్చింది:
తొమ్మిది మందిమి వరుసగ, పాయింట్లు మోకాళ్ల కాడ.
దగ్గు, అన్నడు. దగ్గిన.
వాని చెయ్యి మంచుగడ్డ.
నాకు ఫిట్ అని ముద్ర.
నా ముందటి గంగరాజంకు బుడ్డ దిగిందని అన్‌ఫిట్.
ఏజెంటు చేతుల పోసిన డెబ్బై వేలకు మిత్తి మీద మిత్తి.
వానికి దిగి చెడ్డది, దీనికి దిగక చెడ్డది.
నవ్వొచ్చింది. నవ్వలె.

వారం దాటినంక
కువైట్ నుంచి బేరగాడు వచ్చిండు, తెల్లారకముందే.
షాహీన్ మొఖం చూసి పదిహేను వేలు అన్నడు.
తోక ఎత్తి చెయ్యి పెట్టిండు.
"ఇంకోటేది?"
అబూ మిషారి నా దిక్కు చూడకుంట
"సలి. పైకి గుంజుకున్నది" అన్నడు.

ఆ మాట ఆయనకు నేర్పింది నేనే.
పోయిన ఏడాది. నిజం మాటగ.

నాలుగు నెలల జీతం రావాలె నాకు.
పాస్‌పోర్టు ఆయన బీరువల ఉన్నది.
నేనేం మాట్లాడలె.
పొయ్యి మీది చాయ్ గ్లాసు నిండ పోసి
బేరగానికి ఇచ్చిన.
"ఇప్పుడే తాగకు, బాబా.
రెండు చేతులతోని పట్టుకో.
జరంత సేపు."