పుంటికూర, ఎర్ర కాడది

రువీల రాత్రి పన్నెండు దాటినంక
దుకాణం షట్టర్ సగం దించి
ధరలు మార్చుడు నా పని.
ఏడేండ్లు.
చేతిల లేబుల్ గన్ను, నడుముకు కాగితపు చుట్ట,
టక్కు టక్కుమని
పప్పు పాకెట్ల మీద, సబ్బుల మీద, పిల్లల డైపర్ల మీద
తొమ్మిది వందల తొంభై, తొమ్మిది వందల తొంభై.

మన దిక్కు ఎప్పుడో చచ్చిన పైసా
ఇక్కడ బైసా అని పేరు మార్చుకొని బతుకుతున్నది.
పది బైసాలు తిరిగియ్యనీకె చిల్లర లేదని
కౌంటర్ల మారిసెల్ చూయింగ్ గమ్ము చేతిల పెడ్తది.
ఎవ్వరూ గొణుగరు.
రియాల్‌కు పది తక్కువంటే చాలు
మనిషి మనసు మెత్తబడ్తది.
గా పది బైసాల మెత్తదనం మీదనే
ఈ నాలుగంతస్తులు లేచినయి.

రంజాన్‌కు నెల ముందు
పాత ధర అని ఒకటి రాస్తం,
గీత కొడ్తం,
కింద అసలుది పెడ్తం.
ఆ పాత ధరకు ఎవ్వరూ ఎన్నడూ కొనలే.
పుట్టకముందే కొట్టేసిన అంకె అది.
నా చేతులతోనే అంటించిన గనుక
నాకు ఎరుక.

మా ఊరి అంగట్ల బక్కవ్వ
ధరను నోట్ల పెట్టుకొని కూసునేది.
ముఖం చూసి ఒకటి చెప్పేది,
ఎండ చూసి ఇంకొకటి,
పొద్దుగూకినంక మూడోది.
తూకమయినంక ఒక పిడికెడు కొసరు.
న్యాయమని అననుగని
ఆ లెక్కల మనిషి ఉండేది.

మొన్న చలికాలంల
అరలన్నిటికీ చిన్న చిన్న అద్దాలు బిగించిన్రు.
ఎక్కడో ఒకడు వేలు పెడితే
ముప్పై వేల ధరలు రెప్పపాటుల మారుతయట.
చూసిన. మారినయి.
పొద్దున ఒకటి, పొద్దుగూకితే ఒకటి,
అచ్చం బక్కవ్వ లెక్కనే.
కొసరు ఒక్కటే మర్చిపోయిన్రు.

లేబుల్ గన్ను స్టోర్ల అప్పజెప్పి సంతకం పెట్టిన.
ఇప్పుడు నాది వేరే కొలువు:
రాని మనుషుల కోసం కొనుడు.
మణికట్టుకు కట్టిన యంత్రం చెప్తది
ఏ అర, ఎన్నో వరుస, ఎన్ని సెకండ్లు.
బండిల ఆరు సంచులు, ఆరిండ్ల ఆకలి.
రాత్రి పదకొండింటికి ఐస్‌క్రీం ఒక్కటే కొనేటోళ్లున్నరు.
పొద్దున కొన్నది మాపటికి వాపసు పంపేటోళ్లున్నరు.
నెలాఖరుల, జీతం పడేదాక,
బండి నింపి కొనకుండ ఇడిచేటోళ్లు మస్తుమంది.
వాళ్లకు తెల్లారి సందేశం పోతది:
మీ బండి మీ కోసం ఎదురుచూస్తున్నది, అని.
నాకైతే ఎవ్వరూ గింత ప్రేమగ రాయలే.

శుక్రవారం ఒక ఆర్డర్.
గాలా దిక్కు ఫ్లాటు. పేరు లేదు, నంబరే.
శనగపిండి, పెరుగు, ఎండుమిర్చి,
కింద ఇంగ్లీషు అక్షరాలల్ల ఒక మాట:
పుంటికూర, ఎర్ర కాడది, తెల్లది వద్దు.
యంత్రం వెతికింది.
అసొంటి సరుకు లేదన్నది.
బదులుగ పాలకూర పెట్టుమన్నది.
శశీంద్రన్ చూసి భుజాలెగరేసిండు.
మొమిన్, అది మందు పేరా అన్నడు.

నేను నవ్విన. ఏడేండ్లల్ల ఆ దుకాణంల
నా ఒక్కనికే అర్థమైన మొదటి మాట అది.
పైనున్నయన్నీ తెల్ల కాడలే.
కింది అరకు వంగి, తడి గోనె పట్ట ఎన్క,
కొత్తిమీర కట్టల సందుల
చెయ్యి పెట్టి దేవులాడిన.
దొరికినయి, మూడు కట్టలు.
వాడిన ఆకులు గిల్లి పారేసి
రెండు కట్టలు సంచిల ఏసి
మూడోదాంట్లకెళ్లి నాలుగు రెమ్మలు గుంజి కలిపిన.
దానికి ఏ బటనూ లేదు.

తొమ్మిది నిమిషాలు ఆలస్యం.
మణికట్టు మీద ఎర్ర దీపం.
సూపర్‌వైజర్ అడిగితే కాళ్లు గుంజినయన్న.
పచ్చడి నూరిన్రో, పప్పుల ఏసిన్రో,
తెల్వదు. నక్షత్రాలు సుత ఏమీ రాలే.

తెల్లారి బంకు మంచం మీద ఫోన్ తెరిస్తే
తెర నిండ ఒకటే బొమ్మ:
గోంగూర, తాజాది, మీ కోసం,
కట్ట మూడు వందల తొంభై బైసాలు.
తొమ్మిది నిమిషాలు ఒక్క అర కాడ నిలబడ్డనని
దానికెవరు చెప్పిన్రో.
నాకేం కావాల్నో పట్టుకున్నది గని
దాని పేరేందో
ఇంకా తెల్వదు దానికి.