నలభై మిల్లీమీటర్లు

డ్రాయింగులో అది గీత కూడా కాదు,
రెండు గీతల మధ్య మిగిలిన తెలుపు.
"ఇక్కడ ఏం కట్టాలి?" అడిగాడు కొత్తగా చేరిన కుర్రాడు.
ఏమీ కట్టకూడదు. కట్టకుండా చూడ్డమే పని అన్నాను.

సిడ్నీకి పడమర,
గడ్డి కూడా తుప్పు రంగులో ఉండే బయల్లో
పదకొండు ఎకరాల కప్పు లేస్తోంది.
దాని నడుమ రెండు వేళ్ల మందం ఖాళీ.
రెండేళ్లుగా దానికి కాపలా నేను.

ఎండెక్కితే ఇనుము ఒళ్లు విరుచుకుంటుంది.
చోటివ్వకపోతే
పక్క స్తంభం భుజం విరగ్గొడుతుంది.
జనవరిలో తెల్లారి ఐదింటికి
స్టీలు స్కేలు పెట్టి చూస్తే నలభై ఒకటి,
మధ్యాహ్నం మూడింటికి పద్నాలుగు.
సాయంత్రం దక్షిణపు గాలి తిరిగి
సైటంతా చొక్కా గుండీలు విప్పుకుని హమ్మయ్య అంటుంటే
పైన కప్పు కూడా అంటుంది,
టంగుమని ఒక్క మాట.

కాంక్రీటు రాత్రిళ్లు పోసేవాళ్లం, ఐసు కలిపి.
మొదటి లారీ వంచే ముందు
టోంగా దీవుల విలియామి హెల్మెట్ తీసి కళ్లు మూసుకునేవాడు.
పక్కన నేనూ.
ఎవరికి మొక్కుతున్నామో
ఒకరినొకరం ఎప్పుడూ అడగలేదు.

ఒక పొద్దున చూద్దును కదా
ఖాళీ నిండా సిమెంటు!
ఎవడో మంచివాడే,
బీటలా ఉందని జాలిపడి
నున్నగా మెత్తి, చేతివాటం చూపించి వెళ్లాడు.
ఎండ ఎక్కకముందే తీయాలి.
సన్నటి రంపం, ఉలి, విలియామి, నేను,
మోకాళ్ల మీద నాలుగు గంటలు.
అతను బూతులు తిట్టాడు, వాళ్ల భాషలో.
నాకు తిట్టబుద్ధి కాలేదు.
నేనూ ఆ జాతిదాన్నే.
ఎదుటివాళ్లు రెండు క్షణాలు ఊరుకుంటే చాలు
ఏదో ఒకటి తెచ్చి కుక్కేస్తాను.

ఆ రాత్రి నసీమా ఫోన్ చేసి
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
"ఇంకా?" అనలేదు నేను.
అలా ఉండనిచ్చాను.
చివరికి ఆమే చెప్పింది,
ఏం చెప్పిందన్నది ఇక్కడ రాయను.

తలుపులు తెరిచిన రోజు
హెల్మెట్ లేకుండా వెళ్లాను, తల తేలిగ్గా, కొత్తగా ఉంది.
ఒక్కరూ పైకి చూడలేదు.
బోర్డులు చూశారు, బూట్లు విప్పారు,
కాఫీ కోసం వరసలో నిలబడి ధర చూసి పక్కకొచ్చారు.
నేల మీద కూడా వస్తుంది నా ఖాళీ,
అల్యూమినియం పట్టీ కింద దాక్కుని,
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

ఊదారంగు పెట్టె ఈడ్చుకుంటూ
ఒక చిన్నపిల్ల దాన్ని దాటింది.
టక్, టక్.
ముందు చక్రాలు, వెనక చక్రాలు.
ఆగి, వెనక్కి తిరిగి,
ఏముందక్కడ అన్నట్టు నేలకేసి చూసింది.

ఏమీ లేదు తల్లీ.
దానికే చాలా కష్టపడ్డాం.