నిలువుగా పోసిన మంచు

బోల్జానోలో వీధి పేరు రెండు భాషల్లో రాస్తారు.
కొండెక్కి అవతలి లోయలో దిగితే మూడు.
హిమపాత హెచ్చరికల కార్యాలయంలో, రెండో అంతస్తులో,
ఒకే ప్రోగ్రాం ఐదు భాషల్లో.

అడుగున ఫోర్‌ట్రాన్.
వాల్‌ట్రౌట్ ఒబెక్సర్ ఎనభై మూడులో రాసింది:
మంచు పొరల బరువు, పొరకీ పొరకీ మధ్య జారుడు.
ఆమె రిటైరై పన్నెండేళ్లు.
కోడ్ ఇంకా కాలేదు.
దాని మీద సి.
సి మీద, ఇయాకో పోయినేడు మొదలుపెట్టిన రస్ట్.
అన్నిటికన్నా పైన ఫియమ్మెట్టా పైథాన్,
పటాలు గీసి రంగులు వేసేది.
అందర్నీ వరసలో నిలబెట్టి పేరు పేరునా పిలిచే షెల్ స్క్రిప్టు ఒకటి.
దాన్ని రాసింది నేనేనని ఎవరూ ఒప్పుకోరు.

లింకర్ గుమ్మంలో కూర్చుని
ఆ పేరు గలవారెవరూ లేరంటుంది.
మనిషి లోపలే ఉన్నాడు.
ఫోర్‌ట్రాన్ పేరు చివర ఒక గీత తోకలా తగిలించుకుంది, అంతే.

భాషలు కలవవు.
కలిసినట్టు కనిపించేది సరిహద్దులో, సంత మాటల్లో:
ఒక అంకె, ఒక చిరునామా, ఒక పొడవు.
అక్కడ సామెతలు చెల్లవు.
రస్ట్ తన జాగ్రత్తలన్నీ చెప్పుల్లా బయట విడిచి
అన్‌సేఫ్ అని రాసి లోపలికొస్తుంది.
ఫోర్‌ట్రాన్ దేన్నీ విడవదు. దానికి వయసుంది.

రెండు వారాలు గొడవ పడింది ఒక గిన్నె గురించి.
సి ఇచ్చిన మెమరీలో రస్ట్ వండుకుంది.
తిన్నాక కడగాల్సిందెవరు?
ఇద్దరూ కడిగితే ప్రోగ్రాం కూలుతుంది,
ఎవరూ కడక్కపోతే మూడో రోజుకి సర్వర్ పొంగుతుంది.
చివరికి హెడర్ ఫైలులో ఫియమ్మెట్టా ఇటాలియన్‌లో రాసింది:
ఎవరి గిన్నె వాళ్లే కడుక్కోవాలి.
దాని కింద ఇయాకో, లదీన్‌లో: సరే.

ఇక లెక్క.
మన ధాన్యం కొలిచేవాడు ఒకటి అనడు,
లాభం అని మొదలుపెడతాడు.
ఫోర్‌ట్రాన్ ఒకటితో మొదలు, సి సున్నాతో.
ఆ ఒక్క కుంచం తేడాకి
నవంబర్లో ఒక కొండ అంచు పటంలోంచి రాలిపోయింది.
సరిచేశారు. అయిపోయిందనుకున్నారు.

ఫిబ్రవరి తొమ్మిది, రాత్రి పదిన్నర.
బిల్డుకి పదకొండు నిమిషాలు.
పరీక్షలు నాలుగు వందల పన్నెండు, అన్నీ పచ్చగా.
కొత్త పటం ఇంకా ఎవరికీ వెళ్లలేదు,
ఇయాకో ముచ్చటపడి వాళ్లమ్మకి పంపాడు.
ఆమె వెంటనే ఫోన్ చేసింది:
మన వాలు మీద మంచు లేదంటోందేం నీ పటం?
వంటింటి కిటికీలోంచి చూస్తున్నా.
కంచె కనబడ్డం లేదు.

పరీక్షల కోసం వాళ్లు రాసుకున్న కొండ
నాలుగు వైపులా ఒకేలా ఉంది.
అలాంటి కొండ ఎక్కడా లేదు.

వాల్‌ట్రౌట్ మేలుకునే ఉంది.
గళ్లు ఎలా చదువుతున్నారు, అంది.
వరసగా. అడ్డంగా.
కాసేపు ఏమీ అనలేదు.
నేను నిలువుగా పోశాను నాయనా,
నా భాషలో అలాగే పోస్తారు.
మీరు అడ్డంగా తోడుతున్నారు.

ఉత్తరపు వాలు మంచంతా
పడమటి వాలు మీద కురిసింది,
ఒక్క గింజ కూడా పోకుండా.

మార్చింది ఒక్క పంక్తి. మళ్లీ పదకొండు నిమిషాలు.
ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.
మూడొందల ఆరో పంక్తి దగ్గర నేను రాసిన మాట ఉందా ఇంకా,
అని అడిగిందామె.
ఉంది. ఫియమ్మెట్టా తన వంకర జర్మన్‌లో చదివింది:
ఈ సంఖ్య ఏ పరికరమూ కొలిచింది కాదు.
ఆలోయిస్ పారతో తవ్వి చెప్పాడు. మార్చవద్దు.
ఆలోయిస్ ఎవరు?
రోడ్డు మీద మంచు ఎత్తేవాడు.
అతని లెక్క తప్పుతుందేమోనని
పదేళ్లు ఎదురు చూశాను, అంది వాల్‌ట్రౌట్.

పటం వచ్చింది.
ఇయాకో వాళ్లమ్మ వాలు ముదురెరుపు.
రోడ్డు మూయించాలి, ఇప్పుడే.
కానీ లోయలో ఈ రాత్రి డ్యూటీ ఎవరిదో,
ఏ భాషలో చెప్పాలో
ఫియమ్మెట్టాకి తెలియదు.
అప్పటికే నంబరు నొక్కుతోంది.